సిరిసిల్ల దాకా పోయిన పచ్చ పెట్టె

మేడిపల్లిలో బక్కయ్య కూతురు సువార్త ఏం నౌకరీ చేస్తుందో ఊళ్లో ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెప్పుకునేవారు. బాంబులు తయారుచేసే కంపెనీ అని కొందరు, కరెంటాఫీసని కొందరు. బక్కయ్యనే అడిగితే, "కరెంటు పుట్టే కాడ. ఆడ మా బిడ్డ ఉండుమంటే ఉండాలె, ఎల్లుమంటే ఎల్లాలె. ఎంత పెద్ద ఇంజనీరైనా గంతే" అనేవాడు. గొప్ప చెప్పుకునే అలవాటు ఆయనకు లేకపోలేదు గాని, ఆ ముక్కలో అబద్ధం లేదు.

సువార్త పనిచేసేది కర్ణాటక అడవుల మధ్య ఉన్న ఒక అణు విద్యుత్ కేంద్రంలో. రేడియేషన్ సేఫ్టీ టెక్నీషియన్. రియాక్టర్ దగ్గర ఏ పని మొదలుపెట్టాలన్నా ముందు ఆమె లోపలికి వెళ్లాలి. చేతిలో మీటరు పట్టుకుని మూలమూలా కొలిచి, ఇక్కడ నిలబడొచ్చు, అక్కడ వద్దు, ఇంతసేపే ఉండాలి అని చెప్పాలి. పనివాళ్లు లోపల ఉన్నంతసేపూ గడియారం చూస్తూ నిలబడి, గడువు కాగానే పని సగంలో ఉన్నా సరే బయటికి పిలవాలి. ఒకసారి ఓ వెల్డరు, అతుకు ఇంకా వేలెడే మిగిలిందని, అదొక్కటీ పూర్తిచేసి వస్తానని బతిమాలాడు. సువార్త ఒప్పుకోలేదు. మిగిలిన వేలెడూ ఇంకో వెల్డరు పోయి అతికాడు. ఆ రోజు ఆమెమీద విసుక్కున్నవాళ్లే తరవాత తరవాత, లోపలికి వెళ్లే ముందు "ఈ షిఫ్టులో సువార్త ఉందా?" అని అడిగి మరీ వెళ్లేవారు.

సెంటు భూమి లేని ఇల్లు వాళ్లది. బక్కయ్య పసుపు ఉడకబెట్టే కూలీకి పోయేవాడు. తల్లి కొమురవ్వ నాట్లకు, కోతలకు పోయేది. బళ్లో సైన్సు చెప్పిన బాలకిషన్ సార్ ఈ పిల్ల చదువుతుందని పట్టుబట్టి జగిత్యాల కాలేజీలో బీఎస్సీ చేర్పించాడు. రోజూ ఎర్రబస్సులో నిలబడి వెళ్లి, నిలబడి వచ్చేది. అణుశక్తి శాఖలో శిక్షణకు పిల్లల్ని తీసుకుంటున్నారన్న సంగతి కూడా ఆ సారే చెప్పాడు. ఆమె ఎంపికైందని తెలిసిన నాడు కొమురవ్వ సంతోషపడిందో ఏడ్చిందో ఎవరికీ అర్థం కాలేదు. "కంటికి కనవడని దాంతోని కొలువేందే బిడ్డా" అని మాత్రం అంది.

"కనవడదు గనుకనే అవ్వా, గది కనిపెట్టేటోళ్లు గావాలె" అని సువార్త అప్పట్లో ధైర్యంగానే చెప్పింది. ధైర్యం నిజంగా రావడానికి మాత్రం కొన్నేళ్లు పట్టింది.

రెండువేల పదకొండు సెప్టెంబరులో కొమురవ్వ పొలం గట్టుమీద జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. సువార్త సెలవు పెట్టి వచ్చింది. ఆమె వచ్చిన కొద్దిరోజులకే ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు డిపోల్లోంచి కదల్లేదు. బళ్లు మూతపడ్డాయి. తహసీల్దారు ఆఫీసు ఉద్యోగులు, టీచర్లు, లాయర్లు అంతా గుడారాల కింద కూర్చున్నారు. రైళ్లు ఎప్పుడు నడుస్తాయో, ఎప్పుడు ఆగుతాయో తెలియదు. ఆమె ప్లాంటుకు ఫోన్ చేస్తే, దారి తెరుచుకున్నాకే రమ్మన్నారు.

బాలకిషన్ సార్ ఇప్పుడు కోరుట్లలో ఉద్యమ కమిటీ కన్వీనరు. ఒక పొద్దున ఫోన్ చేశాడు.

"సువార్తా, ఇయ్యాల రోడ్డు మీద వంటావార్పు. ఇంట్ల కూసుండి ఏం జేస్తవమ్మా? రా."

ఆమె షేరింగ్ ఆటోలో కొంతదూరం, నడిచి కొంతదూరం పోయింది. కోరుట్లలో హైవే మీద పెద్ద పెద్ద గంజులు పొయ్యిలెక్కి ఉన్నాయి. ఇటు గుడారం, అటు బందోబస్తుకొచ్చిన పోలీసులు. సువార్త కొంగు బిగించి పప్పు వడ్డించే పనిలో దిగింది.

అంతలో ఒక యువకుడు పరుగులాంటి నడకతో వచ్చాడు. చొక్కా మట్టిగొట్టుకుపోయింది. మనుషుల మొహాలకేసి కాక వాళ్ల కాళ్లదగ్గర వెతుకుతున్నాడు.

"అక్కా, గీ దిక్కు ఎవలకన్న పెట్టె దొరికిందా? పచ్చటి రంగు. పైన పిడి ఉంటది. మస్తు బరువుంటది" అని అడిగాడు.

సువార్త చేతిలో గరిటె ఆగింది. ఆమె చూస్తున్నది అతని మొహాన్ని కాదు. అతని జేబుకు తగిలించి ఉన్న చిన్న బ్యాడ్జిని. ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో పట్టి ఉంచే బ్యాడ్జి అది. అలాంటిదే పెట్టుకుని ఆమె రోజూ డ్యూటీకి వెళ్తుంది.

"నీ పేరేంది తమ్మీ?"

"రమణ."

"గా బ్యాడ్జి పెట్టుకునేటోని పెట్టె వోయిందంటే అది బట్టల పెట్టె గాదు రమణా. లోపల ఏమున్నది?"

రమణ కళ్లలో నీళ్లు తిరిగాయి. "మా కంట్రాక్టరు ఎవ్వలికి చెప్పద్దన్నడక్కా. ఎతుకు, దొరుకుతది, లొల్లి జేయకు అన్నడు."

"నేను అణు కరెంటు కేంద్రంల పనిజేస్త. నాకు చెప్పు."

అతను చెప్పాడు. తాగునీటి పైపులైను వేస్తున్నచోట పైపుల అతుకులు గట్టిగా ఉన్నాయో లేవో ఫొటో తీసి చూస్తారు. ఆసుపత్రిలో ఎముకకు ఎక్స్‌రే తీసినట్టే, ఇనుముకు తీస్తారు. అందుకు వాడేది ఇరిడియం. ఉక్కు తీగ చివర మిరియపు గింజంత కూడా ఉండదు. దాన్ని బరువైన కవచమున్న పెట్టెలో దాచి తిప్పుతారు. ఆ పొద్దున రమణ, డ్రైవరు కలిసి జీపులో జగిత్యాల నుంచి వస్తుంటే మేడిపల్లి దగ్గర రోడ్డుకడ్డంగా దుంగలు వేసి ఉన్నాయి. పొలాల మధ్య మట్టిబాట పట్టారు. కోరుట్ల చేరి చూసుకుంటే వెనక తలుపు తెరుచుకుని ఉంది, పెట్టె లేదు. బాటంతా మళ్లీ మళ్లీ వెతికారు.

సువార్త అతన్ని చెయ్యిపట్టుకుని బాలకిషన్ సార్ దగ్గరికి తీసుకుపోయింది. ఆయన విని, "ఎంత ప్రమాదమమ్మా?" అన్నాడు.

"పెట్టె మూసున్నంతసేపు ఏం గాదు సార్. మీద కూసున్నా ఏం గాదు. ఎవలన్న ఇప్పి లోపలి తీగ బయటికి గుంజిండ్రా, చేతులు గాలిపోతయి. గది జేబుల ఏసుకుంటే మనిషి దక్కడు. చూస్తే గదేందో తెల్వదు, వాసన రాదు, సెగ రాదు."

"ఇప్పుడేం జేయాలె?"

"నేను మా ఆఫీసర్‌కు ఫోన్ జేస్త. మీరు దాన్ని ఎతికిపియ్యున్రి."

ఆమె పై అధికారి ఫోనెత్తి, మధ్యలో అడ్డురాకుండా అంతా విన్నాడు. హైదరాబాదు నుంచి నిపుణుల బృందాన్ని బయలుదేరదీస్తానని, కానీ రోడ్ల పరిస్థితి చూస్తే వాళ్లు వచ్చేసరికి తెల్లారుతుందని చెప్పాడు. ఈలోగా పెట్టె కనబడితే జనాన్ని దూరం పెట్టాలి, కొలవాలి, కొలిచింది తనకు చెప్పాలి, తనను అడగకుండా ముట్టుకోకూడదు. "అక్కడ మాకున్నది నువ్వే" అన్నాడు చివరికి.

పొద్దుటి నుంచి ఎదురెదురుగా నిలబడ్డ గుడారం, పోలీసులు ఒక్కచోటికి వచ్చారు. ఎస్సై తన జీపు ఇచ్చాడు. సమ్మెలో ఉన్న రెవెన్యూ ఉద్యోగులు గుడారంలోంచే ఊరూరికీ ఫోన్లు మొదలుపెట్టారు. మైకు కట్టిన ఆటో పాటలు ఆపి, "పసుప్పచ్చ పెట్టె! ఎవరికైనా పసుప్పచ్చ పెట్టె దొరికితే ముట్టుకోకున్రి!" అని అరుస్తూ తిరిగింది.

కాసేపటికి దగ్గరి ఇబ్రహీంపట్నం రైతు ఒకాయన మోటారుసైకిలు మీద వచ్చి, మార్కెట్లో తన పసుపు సంచులు పోయాయని, ఆ పసుపు పెట్టె ఎక్కడ దొరికిందో చూపించమని కూర్చున్నాడు. ఆయన వెనకే మరో ఇద్దరు. అంత కంగారులోనూ జనం నవ్వారు. బాలకిషన్ సార్ మైకు మాట మార్పించాడు. "పిడి ఉన్న ఇనుప పెట్టె. పచ్చ రంగు ఏసి ఉంటది. అండ్ల పసుపు లేదు, పసుపు లేదు!"

ఈ మారు మాట తగలవలసినచోట తగిలింది. మేడిపల్లి గుడారం నుంచి ఫోనొచ్చింది. పొలంలో కలుపు తీస్తున్న ఆడవాళ్లు చూశారట. పాత ఇనుము కొనే ఆటో అతను బాటమీద ఏదో బరువైనదాన్ని ఇంకొకరి సాయంతో ఎత్తి వేసుకున్నాడు. ఆ ఆటో అతను కోరుట్లలోనే దొరికాడు. "ఖరాబైన మోటరనుకున్న సార్. పొద్దుగాలనే సిరిసిల్ల లారీల ఏసిన. ఊర్ల బాటలు వట్టి పోయింది" అని నెత్తి పట్టుకున్నాడు.

సిరిసిల్లకు ఫోన్ చేశారు. అక్కడి గుడారంలో ఉన్న మరమగ్గాల కార్మికులు కనుక్కుని చెప్పారు. లారీ హైదరాబాదులో ఇనుము కరిగించే కొలిమికి పోవాల్సింది. సమ్మెవాళ్లు ఆపేస్తే, సరుకంతా బుచ్చన్న పాత ఇనుప సామాన్ల దుకాణంలో దింపి డ్రైవరు ఇంటికి పోయాడు.

"సమ్మె లేకుంటే ఇయ్యాల్టికి కొలిమిల వడుతుండె" అన్నాడు ఎస్సై, ఎవరితోనో కాక తనలో తను అనుకున్నట్టు.

సువార్త ఫోన్ లాక్కుంది. "అన్నా, దుకాణంల ఉన్నోళ్లనందరిని బయటికి దోలున్రి. ఎవ్వలు ఏం ముట్టద్దు. గోడ అవుతల ఇండ్లున్నా ఖాళీ జేపియ్యున్రి. నేనొస్తున్న."

రమణ దగ్గరున్న మీటరు, ఒంటికి ఎంత తగిలిందో అప్పటికప్పుడు చూపే కొలతపెన్ను, పెట్టెకు తగిలించి దూరంనుంచి తిప్పే పొడవాటి కేబులు జీపులో వేసుకుని బయలుదేరారు. ఎస్సైయే నడిపాడు. బాలకిషన్ సార్ కూడా ఎక్కాడు. కథలాపూర్ దగ్గర రోడ్డుకడ్డంగా పడేసిన చెట్లు ఎట్లా దాటాలా అని సువార్తకు దిగులుగా ఉంది. తీరా వెళ్లేసరికి అక్కడి జనం చెట్టు మొద్దుల్ని పక్కకు దొర్లించి, రోడ్డుకు అటూ ఇటూ నిలబడి ఉన్నారు. ఫోను ముందే చేరింది. రుద్రంగిలోనూ అంతే. వేములవాడలో రోడ్డుమీద బైఠాయించినవాళ్లు జీపు కనబడగానే విస్తళ్లతో సహా లేచి నిలబడ్డారు. జీపు దాటాక మళ్లీ కూర్చున్నారు. అన్ని రోజులుగా చీమను కూడా పోనివ్వని దారి అది. సువార్త అద్దంలోంచి వెనక్కి చూస్తే రమణ తలవంచుకుని ఉన్నాడు.

సిరిసిల్ల చేరేసరికి మబ్బు పట్టింది. ఎప్పుడూ మరమగ్గాల చప్పుడుతో చెవులు గింగురుమనే వీధుల్లో నిశ్శబ్దంగా ఉంది. బుచ్చన్న వీధి మొదట్లోనే ఎదురొచ్చాడు. పెద్దమనిషి, భయంతో చెమటలు కక్కుతున్నాడు. ఆయన వెనక భూమవ్వ అనే ముసలామె. ఆ దుకాణంలో ఇనుము ఏరి, విరగ్గొట్టి కుప్పలు వేసేది ఆమే.

"గా పెట్టె మీదనే కూసోని సద్ది దిన్న బిడ్డా. ఏమైతది నాకు?" అంది భూమవ్వ.

"కూసుంటే ఏం గాదవ్వా. ఇంకేం జేసినవ్?"

"ముందలి మూత ఉలివెట్టి కొట్టిన. ఊడొచ్చింది. గంతల వీళ్లొచ్చి లొల్లి జేసిరి. భయపడి పెట్టెను కుప్ప మీదనే పక్కకు నూకి ఉరికొచ్చిన."

సువార్త ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "లోపల చెయ్యి వెట్టినవా?"

"లేదు బిడ్డా. సచ్చినొట్టు."

సువార్త మీటరు ఆన్ చేసి ఒక్కతే ముందుకు నడిచింది. గేటు దగ్గర ముల్లు కొంచెం లేచింది. ప్రహరీ వెంబడి చుట్టూ తిరిగింది. ఒక పక్క ఏమీ లేదు. రెండో పక్కకు తిరిగేసరికి మీటరు కీచుమంది. ఆమె అడుగు వెనక్కి వేసి, సుద్దముక్కతో నేలమీద గీత గీసింది. ఆ గీతకు అవతల మగ్గాల షెడ్లు, వాటి వెనక ఇళ్లు. కార్మికులు అప్పటికే ఖాళీ చేయించారు. మంచంపట్టిన ఒక ముసలాయన మాత్రం కదలనని మొండికేశాడట. సువార్త సైగ చేయగానే నలుగురు మంచంతో సహా ఎత్తుకుని పరుగెత్తారు. ఆయన దారిపొడుగునా తిడుతూనే పోయాడు.

ప్రహరీ సందులోంచి చూస్తే పెట్టె కనబడింది. విరిగిన మగ్గాల చక్రాలు, కడ్డీల కుప్పమీద ఏటవాలుగా పడి ఉంది. జీపులోంచి పడ్డప్పుడే వెనక తాళం చితికినట్టుంది. ముందు మూత భూమవ్వ ఉలికి ఊడింది. తీగ జారి, దాని చివరి గింజ మూతి దాకా వచ్చింది. మూతి ఎటు ఉందో అటువైపంతా అపాయం. వెనకవైపు మాత్రం కవచం ఇంకా అడ్డంగా ఉంది.

ఆమె లెక్కలన్నీ ఫోన్లో చెప్పింది. గింజ ఇంకా బయటపడలేదు గనుక అందర్నీ దూరం పెట్టి తెల్లారేదాకా వేచి ఉండమన్నాడు అధికారి. అదే పద్ధతి. ఆమె సరేనంది.

వాన మొదలైంది. ఉరిమి, విరుచుకుపడ్డ వాన. కుప్పలోంచి ఒక చక్రం జారి కింద దొర్లింది. పెట్టె ఇంకొంచెం ఒరిగింది. ఇంకోసారి ఒరిగితే తీగ మొత్తం జారిపడుతుంది. ఆ ఇనుములో, ఆ బురదలో దాన్ని వెతకాలంటే ఎవరి వల్లా కాదు. సువార్త మళ్లీ ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. పెట్టె వెనక నుంచి పోతే కొలత ఎంత వస్తుందో అధికారి మళ్లీ చెప్పించుకున్నాడు. తరవాత, నువ్వు చేయగలవా అని ఒక్కటే అడిగాడు.

"చేయగలను సార్."

వెనక నుంచి దగ్గరికి పోయి, కేబులు కొక్కేన్ని తీగ తోకకు తగిలించి, వెంటనే బయటికి రావాలి. ఆ తరవాత ఇవతల గోడచాటు నుంచి చక్రం తిప్పితే కేబులు తీగను లోపలికి లాగుతుంది. ముట్టుకునే పని ఒక్క కొక్కేనిదే.

"తప్పు నాదక్కా. నేను పోత" అన్నాడు రమణ.

"నీ చేతులు సూస్కో." నిజంగానే వణుకుతున్నాయి. "నువ్వు గోడ కాడ హ్యాండిల్ తిప్పు. నాకన్న నీకే బాగ ఎర్క గది. సార్, మీరు టైము సూడున్రి. అయిపోంగనే నా పేరు వెట్టి పిలువున్రి. నేను రాకుంటే తిట్టున్రి."

బాలకిషన్ సార్ గడియారం విప్పి అరచేతిలో పెట్టుకున్నాడు. బళ్లో ఈ పిల్లకు కాంతి గురించి, తరంగాల గురించి పాఠం చెప్పిన చెయ్యి అది. కార్మికులు నూలు సంచుల్లో ఇసుక నింపి వెనక దారి పొడుగునా పేర్చారు. బోర్లించిన బకెట్‌ను పెట్టె అనుకుని సువార్త పదేపదే అభ్యాసం చేసింది. వంగడం, తగిలించడం, లేవడం, వెళ్లిపోవడం. చూస్తున్నవాళ్లకు అది పిల్లల ఆటలా అనిపించి ఉంటుంది. ఎవరూ నవ్వలేదు.

అప్పుడు వెళ్లింది.

చక్రాలు తడిసి జారుతున్నాయి. ఒక కాలు ఇనుప చట్రంమీద ఆనించి వంగింది. తీగ తోక కనిపిస్తోంది. కొక్కెం దగ్గరికి తెచ్చింది. కళ్లలోకి వాననీళ్లు. కొక్కెం అంచు తగిలింది, పట్టలేదు. ఇంకొక్క నొక్కు నొక్కితే పడుతుంది.

"సువార్తా!"

పడుతుంది. ఒక్క నొక్కు.

"సువార్తా, రా! బయటికి రా!"

ఆమె వదిలేసి వచ్చేసింది.

గోడచాటుకు వచ్చి నిలబడింది. "అయిపోతుండె గదక్కా, ఇంక జరంత..." అన్నాడు రమణ. ఆమెకు ఆ వెల్డరు గుర్తొచ్చాడు. అతనిమీద మొదటిసారి జాలి కలిగింది. "జరంతనే మనిషిని ముంచేది" అని మాత్రం అంది. కొంగుతో మొహం తుడుచుకుంది. రవికకు తగిలించుకున్న కొలతపెన్ను చూసుకుని, మరొక్కసారి వెళ్లొచ్చునని అధికారికి చెప్పింది. ఆయన సరేనన్నాడు. కొక్కెం ఎందుకు పట్టలేదో ఆలోచించింది. పైనుంచి కాదు, పక్కనుంచి తోయాలి. బకెట్‌తో ఇంకోమారు చేసి చూసుకుంది.

రెండోసారి పోయినప్పుడు వాన కొంచెం తగ్గింది. వంగింది. పక్కనుంచి తోసింది. టక్కుమని చిన్న చప్పుడు. ఆ చప్పుడు చెవికి కాదు, వేళ్లకు తెలిసింది. సార్ పిలవకముందే వెనక్కి తిరిగింది.

"తిప్పు రమణా!"

రమణ హ్యాండిల్ తిప్పాడు. బిగుసుకుంది. "మెల్లగ" అంది సువార్త. అతను ఊపిరి బిగబట్టి కొంచెం వెనక్కి, మళ్లీ ముందుకు తిప్పాడు. ఏదో జారినట్టయింది. ఆమె కళ్లు మీటరు మీదే ఉన్నాయి. ముల్లు ఆగింది, ఊగింది, అట్లాగే కిందికి పడిపోయింది.

ఆమె మీటరు పట్టుకుని ముందు గేటు దాకా, ఆ తరవాత సుద్దగీత గీసిన వైపుకు, ఆ తరవాత లోపలికి, పెట్టె మూతి దగ్గరికి వెళ్లి కొలిచింది. ముల్లు లేవలేదు. వెనక్కి తిరిగి రెండు చేతులూ పైకెత్తింది.

సిరిసిల్ల వీధి ఒక్కసారి గొంతెత్తింది. ఎవరో "జై తెలంగాణ" అన్నారు. షెడ్ల వెనక, ఇళ్ల ముందు, ఎక్కడెక్కడో గొడుగుల కింద నిలబడ్డవాళ్లంతా అందుకున్నారు. ఎస్సై కూడా నోరు కదిపాడని తరవాత కార్మికులు చెప్పుకున్నారు. రమణ ఇసుక సంచిమీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. బుచ్చన్న అతని వీపు నిమురుతూ కూర్చున్నాడు.

"మూత ఏడున్నదవ్వా? ఎతకాలె" అంది సువార్త.

భూమవ్వ సిగ్గుపడుతూ నడుము దగ్గర చీర మడతలోంచి తీసి ఇచ్చింది. "ఇత్తడిదని దాసుకున్న బిడ్డా."

మూత బిగించి, పెట్టెను ఇసుక గుంతలో దించి, చుట్టూ కాపలా పెట్టారు. హైదరాబాదు బృందం పొద్దున వచ్చింది. వాళ్లను కూడా దారిలో ఏ గుడారమూ ఆపలేదు. అంతా కొలిచి చూసుకుని, బృందం పెద్ద సువార్తతో చేయి కలిపి, "మేము వచ్చినా ఇట్లాగే చేసేవాళ్లం" అన్నాడు. ఆమెకు అంతకన్నా పెద్ద మెప్పు ఎవరూ ఇవ్వలేదు. భూమవ్వకు, ఆటో అతనికి రక్త పరీక్షలు చేయించారు. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ కంట్రాక్టరు లైసెన్సు పోయింది. రమణ జరిగింది జరిగినట్టు చెప్పినందుకు అతన్ని వదిలేశారు.

మేడిపల్లికి తిరిగొచ్చేసరికి బక్కయ్య ఇంటిముందు ఊరు ఊరంతా ఉంది. కొమురవ్వ మంచంమీంచి లేవలేక కూతుర్ని దగ్గరికి రమ్మని, రెండు అరచేతులూ తిప్పి తిప్పి చూసింది. తరవాత అందరికీ వినబడేట్టు అంది: "నా కాలిరగకుంటే ఇది ఈడుండునా? సిరిసిల్లను కాపాడింది నేనే."

కోరుట్ల గుడారంలో ఆమెను మైకు ముందు నిలబెట్టారు. మాట్లాడ్డం రాలేదు. తన పని ఏమిటో మాత్రం చెప్పింది. ముందు తను పోతానని, ఆఖరున తను వస్తానని, మధ్యలో అందర్నీ లెక్కపెట్టుకుంటానని. బాంబుల కంపెనీ అన్నవాళ్లు కూడా శ్రద్ధగా విన్నారు. ఆ తరవాత మేడిపల్లి హైస్కూలు ఆడపిల్లలు ముగ్గురు, సైన్సు చదివితే ఈ కొలువు వస్తుందా అని అడుగుతూ ఇంటికొచ్చారు. ఆమె సెలవు మిగిలిన రోజులన్నీ వాళ్లతోనే గడిచాయి.

రైళ్లు నడిచాక ప్లాంటుకు వెళ్లింది. కొద్ది నెలల్లోనే అత్యవసర బృందంలోకి ఆమెను తీసుకున్నారు. దేశంలో ఎక్కడ ఇలాంటి పెట్టె తప్పిపోయినా బయలుదేరవలసిన వాళ్లలో ఇప్పుడు ఆమె ఒకతె.

రెండువేల పద్నాలుగు జూన్ రెండున, తెలంగాణ వచ్చిన రోజున, ఆమె డ్యూటీలో ఉంది. రియాక్టరు ఆపి మరమ్మతులు చేస్తున్న రోజులు. లోపలికి ఫోన్లు తీసుకుపోనివ్వరు. షిఫ్టంతా మనుషుల్ని పంపుతూ, పిలుస్తూ, కొలుస్తూ గడిపింది. ఆఖరి మనిషి బయటికొచ్చాక తానూ వచ్చి, కొలతలిచ్చి, స్నానం చేసి, లాకరులోంచి ఫోన్ తీసింది. బక్కయ్య లెక్కలేనన్నిసార్లు చేసి ఉన్నాడు. తిరిగి చేసింది.

ఆయన ఏదో అంటున్నాడు గాని ఒక్క ముక్క తెలియడంలేదు. డప్పులు, ఈలలు, పటాకులు. ఫోన్‌ను జనంలోకి ఎత్తి పట్టుకున్నట్టున్నాడు. మేడిపల్లి మొత్తం ఆ చిన్న పరికరంలో నిండిపోయి గోలగోలగా అరుస్తోంది. సువార్త తడి జుట్టుతో అట్లాగే వరండాలో నిలబడి, చుట్టూ ఉన్న కన్నడిగులు, మలయాళీలు తెల్లబోయి చూస్తుండగా, తానూ గొంతెత్తి అరిచింది.